పాత నాలుగు మూలల కీ వాచీ: చూసి కొనడం నుంచి రోజూ పెట్టుకోవడం దాకా

దీర్ఘచతురస్రపు కీ వాచీ కొనేవాళ్లు ముందు కంపెనీ పేరు అడుగుతారు, తర్వాత నడుస్తుందా లేదా అని చూస్తారు. ఈ వరసను తిరగెయ్యాలి. ఆగిపోయిన మిషనును మంచి మెకానిక్ నడిపిస్తాడు. స్ప్రింగు, కీ, అద్దం, బెల్టు మార్చుకోవచ్చు. పాలిష్ చక్రానికి అరిగిపోయిన అంచు, మళ్లీ రాయించిన డయల్ మాత్రం పాత రూపానికి రావు. కాబట్టి ముందు కేసు, తర్వాత డయల్, ఆ తర్వాతే మిషను చూడాలి. కింద చెప్పినవన్నీ ఆ వరసలోనే ఉన్నాయి.

ఇది చేత్తో కీ ఇచ్చే వాచీల గురించి. ఆకారం అదే అయినా లోపల బ్యాటరీ ఉన్నవి చాలా ఉన్నాయి. ఫ్రెంచి కంపెనీ కార్టియర్ చేసే ట్యాంక్ వాచీల్లో కూడా బ్యాటరీవి ఎన్నో. కీని (పక్కన ఉండే తిప్పుడు బొడిపెను) బయటికి లాగకుండా తిప్పి చూడండి. సన్నగా టిక్కుటిక్కుమంటూ వేలికి బిగువు తగిలితే కీ వాచీ. చప్పుడు లేకుండా ఉత్తినే తిరిగితే బ్యాటరీది అయ్యుండవచ్చు, లేదా కీ పుల్ల (కీని మిషనుకు కలిపే సన్నటి కడ్డీ) అరిగిన వాచీ అయ్యుండవచ్చు. మూత తీస్తే ఏదో తేలిపోతుంది.

1. ముందు మణికట్టు కొలవండి

గుండ్రటి వాచీకి వ్యాసం చూస్తాం. ఈ వాచీకి నిలువు పొడవు ముఖ్యం. బెల్టు తగిలించే కొమ్ముల చివర నుంచి అవతలి కొమ్ముల చివర దాకా కొలవాలి.

మణికట్టు పైన చదునుగా ఉన్న భాగం మీద స్కేలు అడ్డంగా పెట్టి వెడల్పు చూడండి. వాచీ పొడవు దానికన్నా కనీసం 4, 5 మి.మీ. తక్కువ ఉండాలి. లేకపోతే కొమ్ములు చేతి అంచులు దాటి గాల్లో నిలబడతాయి, చొక్కా కఫ్‌కు తట్టుకుంటాయి.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఫొటోను నమ్మొద్దు. చెప్పిన కొలతలకు అట్టముక్క కత్తిరించి చేతిమీద పెట్టి చూడండి. కార్టియర్ వాళ్ల పెద్ద ట్యాంక్ లూయీ 33.7 × 25.5 మి.మీ., జేజర్ లెకూల్ట్ర్ కంపెనీ తిరగేసే వాచీ రివర్సోలో మధ్యరకం 40.1 × 24.4 మి.మీ., పెద్ద రివర్సో 45.6 × 27.4 మి.మీ. ఈ మూడు అట్టలూ చేతిమీద పెడితే మీకు ఏ పొడవు నప్పుతుందో అక్కడికక్కడే తెలుస్తుంది. పాతకాలపు మగవాళ్ల వాచీలు ఇప్పటి కంటికి చిన్నగా కనిపిస్తాయి. రెండు రోజులు పెట్టుకుంటే అలవాటవుతుంది.

2. చూడటానికి వెళ్లేటప్పుడు వెంట ఉండాల్సినవి

- 10 రెట్లు పెద్దగా చూపించే ఐగ్లాసు
- డిజిటల్ వెర్నియర్ కాలిపర్స్
- మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ
- చిన్న టార్చి (ఫోనుదైనా చాలు)
- మామూలు దిక్సూచి, అయస్కాంతం పట్టిందేమో చూడటానికి
- అదే మోడల్ అసలు డయల్, అసలు కేసు ఫొటోలు, కనీసం రెండు మూడు వేర్వేరు వాచీలవి

చివరిది మరిచిపోయి వెళితే మిగతావాటితో సగం పనే అవుతుంది.

3. కేసు: అంచులు, మూలలు

గుండ్రటి కేసును పాలిష్ చేస్తే అన్ని వైపులా ఒకేలా తరుగుతుంది, కంటికి అంతగా తెలియదు. ఇక్కడ చదునైన ముఖాలు కలిసే గీతే వాచీకి అందం. గుడ్డ చక్రం ముందుగా తినేసేది ఆ గీతనే.

టార్చిని పక్కనుంచి ఏటవాలుగా కొట్టండి. వాచీని మెల్లగా తిప్పుతుంటే వెలుగు ఒక ముఖం నుంచి పక్క ముఖానికి ఠక్కున మారాలి. మెత్తగా జారుతూ మారితే అంచు గుండ్రమైపోయినట్టు. తర్వాత నాలుగు మూలలను ఒకదాంతో ఒకటి పోల్చండి. వాడకంలో నాలుగు మూలలూ సాధారణంగా ఒకేలా అరగవు. నాలుగూ సమానంగా గుండ్రంగా ఉంటే అది వాడకంలో వచ్చిన అరుగుదల కాదు, పాలిష్ చేయించారు.

వెనక మూత మీది అక్షరాలూ చూడండి. లోతు తగ్గి, అంచులు మెత్తబడితే మూతకూ చక్రం తగిలింది. కొమ్ముల్లో బెల్టు పుల్ల దూరే రంధ్రం చుట్టూ లోహం పలచబడిందేమో చూడండి. అది చిరిగిపోతే వాచీ చేతిమీంచి జారి కిందపడుతుంది.

బంగారు పూత వాచీలయితే ఇంకా జాగ్రత్త. 10 మైక్రాన్ల పూత అంటే మి.మీ.లో వందో వంతు. 20 మైక్రాన్లయినా దానికి రెట్టింపే. ఒక్కసారి గట్టిగా పాలిష్ పెడితే మూలల్లో ఇత్తడి బయటపడుతుంది. మూలల్లో కాస్త ఇత్తడి కనిపించే పాత వాచీ, కొత్తగా పూత వేయించి మెరిపించిన వాచీ పక్కపక్కన ఉంటే మొదటిదే కొనండి. కొత్త పూత కింద ఏ మూల ఎంత పోయిందో తెలుసుకునే దారి లేదు. లేజర్ వెల్డింగుతో లోహం చేర్చి అంచులు తిరిగి కట్టే పనివాళ్లు ఉన్నారు. కానీ మామూలు వాచీకి ఆ ఖర్చు గిట్టదు, పూత కేసుకు అసలు కుదరదు.

"మొత్తం బంగారమే" అని అమ్మితే ముద్ర వెతకండి. 750 అంటే 18 క్యారెట్లు, 585 అంటే 14, 375 అంటే 9. "గోల్డ్ ఫిల్డ్", "ప్లాకే" అని రాసి ఉంటే పైపొర మాత్రమే. పాత మస్ట్ డి కార్టియర్ వాచీలు చాలావరకు వెండి మీద బంగారు పొర, వాటి మీద 925 ఉంటుంది. నగల కొట్లో ఎక్స్‌రే యంత్రం మీద పెట్టిస్తే అది పైపొరనే ఎక్కువగా చదువుతుందని గుర్తుంచుకోండి. అరిగిన చోట, కొమ్ము లోపలి వైపున చూపించమని అడగండి.

4. డయల్: మళ్లీ రాయించిందా?

మన దేశంలో అమ్మకానికొచ్చే పాత వాచీల్లో కొత్త పెయింటు వేసి, పేరు అచ్చువేసి, దొరికిన ముళ్లు తగిలించినవి చాలా ఎక్కువ. సేకర్తలు వీటినే ముంబై స్పెషల్ అంటారు. పాతకాలం వాచీకి డయల్ కొత్త రూపాయిలా మెరుస్తుంటే అనుమానించాలి.

దీర్ఘచతురస్రపు డయల్‌లో మోసం పట్టుకోవడం గుండ్రటి దానికన్నా సులువు. కారణం నిమిషాల గీతలు. ముల్లు ప్రతి నిమిషానికీ 6 డిగ్రీలే తిరుగుతుంది, కానీ మూల వైపు వెళ్లేకొద్దీ అంచు కేంద్రానికి దూరమవుతుంది. అందుకే గీతల మధ్య ఎడం సమానంగా ఉండకూడదు. గీతల పట్టీ 20 మి.మీ. వెడల్పు, 30 మి.మీ. పొడవు ఉందనుకోండి. 15 నిమిషాల గీత పక్కన ఎడం దాదాపు 1 మి.మీ. ఉంటుంది, అదే పక్క మూల దగ్గరకొచ్చేసరికి రెండున్నర మి.మీ. దాటుతుంది. 12 దగ్గర సుమారు 1.6 మి.మీ. ఉండి, మూలకు చేరేలోపు 2 మి.మీ. అవుతుంది. తెలియని చెయ్యి రాసిన డయల్ మీద అన్నీ ఒకే ఎడంతో కనిపిస్తాయి.

పరీక్ష ఇలా చేయండి. కీ బయటికి లాగి నిమిషాల ముల్లును సరిగ్గా 12 మీద పెట్టండి, గంటల ముల్లు కూడా గంట గుర్తు మీద ఉండాలి. అక్కడ నుంచి తిప్పుతూ 7, 8, 10, 22 నిమిషాల దగ్గర ఆపండి. ముల్లు మొన గీతకు అందకపోయినా సూటిగా దానివైపే చూపాలి. గీతను వెనక్కి పొడిగిస్తే డయల్ మధ్యలోకి వెళ్లాలి. రెండూ కుదరకపోతే ఆ డయల్ అసలుది కాదనే అనుకోండి.

ఐగ్లాసుతో చూడాల్సినవి:

- రైలు పట్టాల్లాంటి జంట గీత నాలుగు మూలల్లోనూ శుభ్రంగా కలవాలి, కేసు అంచుకు నాలుగు వైపులా సమాన దూరంలో ఉండాలి
- అక్షరాల అంచులు పదునుగా ఉండాలి, సిరా పాకినట్టు ఉండకూడదు
- కింది అంచున "స్విస్" లేదా "స్విస్ మేడ్" తెగిపోకుండా, వంకర లేకుండా ఉండాలి (స్విస్ వాచీ అయితే)
- సెకన్ల చిన్న వలయం అసలు మోడల్‌లో గుంటగా ఉంటే ఇక్కడా గుంటగానే ఉండాలి, గీసిన వలయం కాకూడదు
- కార్టియర్ అయితే చాలా డయల్స్‌లో రోమన్ ఏడు అంకె గీతలో, కొన్నింటిలో పది గీతలో, కంపెనీ పేరు సన్నగా దాగి ఉంటుంది

ముళ్ల పొడవు కూడా చూడండి. నిమిషాల ముల్లు 3, 9 దగ్గర గీతల పట్టీని అందుకోవాలి, కేసుకు తగలకూడదు. 12 దగ్గర అది గీతకు అందకపోవడం ఈ ఆకారంలో సహజం. 12 దాకా చేరే పొడవు ముల్లు ఉంటే 3 దగ్గర దాని దారేమిటో చూడండి.

పాత డయల్ అంకెల్లో, ముళ్లలో గోధుమరంగు తిరిగిన, చీకట్లో మెరిసేందుకు పూసిన మసాలా ఉంటే అది రేడియం కావచ్చు. 1960ల దాకా వాడారు. గీకవద్దు, రాలిన పొడిని ఊదవద్దు, మీరే మూత తీయవద్దు. మెకానిక్‌కు ఇచ్చేటప్పుడు ముందే చెప్పండి.

5. డబ్బు ఇచ్చే ముందు మూత తీయించండి

విజయవాడ బీసెంట్ రోడ్డు వైపో, గవర్నరుపేటలోనో, గుంటూరు బ్రాడీపేటలోనో మీకు నమ్మకమున్న మెకానిక్ దగ్గర తీయిద్దాం అని అమ్మేవాళ్లతో మాట్లాడుకోండి. ఒప్పుకోకపోతే లోపలి ఫొటో అడగండి. అదీ లేదంటే ఆ బేరం వదిలేయండి.

మూత ఏ పద్ధతిదో తెలియకుండా కత్తి పెట్టనివ్వవద్దు. మూడు రకాలు ఎక్కువ కనిపిస్తాయి. వెనక మూత నొక్కుడు రకం, అంచున చిన్న గాడి ఉంటుంది. పక్కల్లో చిన్న స్క్రూలు ఉండే రకం. మూడోది వెనక అతుకే లేని కేసు, మిషను పై నుంచి అద్దం వైపుకు వస్తుంది. మూడో రకంలో కీ పుల్ల రెండు ముక్కలుగా ఉంటుంది, ముందు కీని సూటిగా లాగి విడదీయాలి. ఇది తెలియక వెనక నుంచి పొడిచిన కేసుల మీద కత్తి గాట్లు మిగిలిపోతాయి.

మిషను కేసుకు తగ్గట్టు పొడుగ్గానో, పీపా ఆకారంలోనో ఉంటే మంచిదే. గుండ్రటి మిషను ఉన్నంత మాత్రాన నకిలీ కాదు. 23.3 మి.మీ. వ్యాసం, 2.5 మి.మీ. మందం ఉన్న పెజో 7001 లాంటి గుండ్రటి మిషన్లు మంచి కంపెనీల నాలుగు మూలల కేసుల్లోనూ ఉన్నాయి. అనుమానించాల్సినవి ఇవి:

- మిషను చుట్టూ కాగితం, ప్లాస్టిక్ ముక్కలు, జిగురు
- కీ పక్క గోడ మధ్యలోంచి కాక పైకో కిందికో జరిగి రావడం
- డయల్ మీద ఒక పేరు, మిషను మీద సంబంధం లేని పేరు (చాలా కంపెనీలు బయటి మిషన్లు కొనేవి, అందుకని మోడల్ వివరాలతో సరిచూసి తేల్చుకోండి)
- కీ పుల్ల దగ్గర తుప్పు, స్క్రూల తలలు చీలిపోవడం

పుల్ల దగ్గర తుప్పు ఉంటే ధర సగానికి తగ్గించి అడగండి. నీళ్లు దూరేది ముందు అక్కడే, పైకి కనిపించే దానికన్నా కింద ఎక్కువ ఉంటుంది.

6. నడక పరీక్ష

వాచీ చేతి నుంచి తీసి, కీని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని బిగువు వచ్చే దాకా తిప్పండి. అక్కడ ఆపండి. "ఎక్కువ కీ ఇస్తే ఆగిపోతుంది" అనే మాట నిజం కాదు. పూర్తిగా చుట్టుకున్న స్ప్రింగు మిషనును ఆపదు. లోపల ఎండిపోయిన నూనె, దుమ్ము ఆపుతాయి.

సెకన్ల ముల్లు లేని వాచీలు ఎక్కువ కాబట్టి ఇలా చూడండి. నిమిషాల ముల్లును ఒక గీత మీద కచ్చితంగా పెట్టి ఫోను టైము రాసుకోండి. మర్నాడు అదే టైముకు ముల్లు ఎక్కడుందో చూడండి. అర నిమిషం తేడా వరకు కంటికి అందుతుంది.

సర్వీసింగ్ కాని పాత వాచీకి రోజుకు ఒక నిమిషం లోపు తేడా బాగున్నట్టే. రెండు నిమిషాలు దాటితే సర్వీసింగ్ ఖర్చు ధరలో తగ్గించి అడగండి. ఒకసారి ఇచ్చిన కీ కనీసం 30 గంటలు నడవాలి, మంచి స్థితిలో ఉన్నవి 36 నుంచి 42 దాకా వెళతాయి. ఒకరోజు డయల్ పైకి పెట్టి, ఒకరోజు కీ కిందికి ఉండేలా నిలబెట్టి చూడండి.

మెకానిక్ దగ్గర టైమింగ్ యంత్రం ఉంటే పూర్తి కీ మీద, డయల్ పైకి పెట్టి ఆంప్లిట్యూడ్ (లోపలి బ్యాలెన్స్ చక్రం ఊగే కోణం) చూపించమనండి. 250 డిగ్రీలు దాటితే సంతోషం. 200 లోపు ఉంటే శుభ్రం చేయించాలి. చిన్న మిషన్లకు కాస్త తక్కువే వస్తుంది.

7. దూరం నుంచి కొంటే

ఆరు ఫొటోలు అడగండి: ముందు, వెనక, రెండు పక్కలు, లోపలి మిషను, మూత లోపలి వైపు. నచ్చకపోతే ఎన్ని రోజుల్లో తిరిగి పంపవచ్చో డబ్బు కట్టే ముందు రాతలో తీసుకోండి. పార్సిల్ విప్పడం మొదటి నుంచి చివరి దాకా ఆపకుండా వీడియో తీయండి.

8. మెకానిక్‌కు ఇచ్చేటప్పుడు ఏం చెప్పాలి

ఒక చీటీ మీద రాసి వాచీతో పాటు ఇవ్వండి. మాటల్లో చెప్పింది పనిబల్ల దాకా చేరదు.

- కేసు పాలిష్ వద్దు
- డయల్ కడగవద్దు, రంగు వేయవద్దు
- విడదీసి శుభ్రం చేసి నూనె వేయాలి, పెట్రోల్‌లో ముంచి తీయడం కాదు
- మార్చిన ప్రతి పాత ముక్కా తిరిగి కావాలి
- స్ప్రింగు మారిస్తే వెడల్పు, మందం, పొడవు పాతదాంతో సరిపోవాలి

డయల్ కడగడం గురించి ఒకమాట. పాత డయల్ మీది అక్షరాలు చాలాసార్లు లక్క పొర మీద నిలబడి ఉంటాయి. దూది తడిపి తుడిస్తే మురికితో పాటు పేరు కూడా వచ్చేస్తుంది. మచ్చ ఉన్నా అలాగే ఉండనివ్వండి.

రోజూ వాడే వాచీకి నాలుగైదేళ్లకోసారి సర్వీసింగ్ చాలు.

9. అద్దం మార్చడం

గుండ్రటి అద్దం ఏ కొట్లోనైనా దొరుకుతుంది. నాలుగు మూలల అద్దం సరిగ్గా కుదరడం కష్టం. పాతవాటిలో ఎక్కువ ప్లాస్టిక్ అద్దాలే. పైపై గీతలకు మార్చనక్కర్లేదు. 1000, 2000 నంబరు గరుకు కాగితం నీళ్లతో రుద్ది, ప్లాస్టిక్ పాలిష్ పేస్టు పెడితే పోతాయి. రుద్దే ముందు కేసు అంచులకు టేపు అంటించడం మరిచిపోవద్దు.

పగిలితే:

1. పాత అద్దం, జిగురు పూర్తిగా తీయించండి.
2. కేసు గాడి లోపలి పొడవు, వెడల్పు 0.1 మి.మీ. దాకా కొలవండి. చివర్లలోనూ, మధ్యలోనూ కొలవాలి, పాత కేసులు వంగి ఉంటాయి.
3. మూలలు పదునా, గుండ్రమా, అద్దం నిలువునా వంపు తిరిగి ఉందా రాసుకోండి.
4. కచ్చితమైన సైజు లేకపోతే 0.3 నుంచి 0.5 మి.మీ. పెద్దది తెచ్చి, సన్నటి ఆకురాయితో కొంచెం కొంచెం తగ్గించాలి. బలవంతంగా నొక్కితే మూలలోంచి చీలుతుంది.
5. అతికించడానికి అతినీలలోహిత కాంతికి గట్టిపడే జిగురు, లేదా వాచీ అద్దాల జిగురు వాడాలి.

ఫెవిక్విక్ లాంటి జిగురు వద్దు. దాని ఆవిరి అద్దం లోపలి వైపు, డయల్ మీద తెల్లటి పొరగా పేరుకుంటుంది. ఇది ఇక్కడ రోజూ జరిగే పొరపాటే. అద్దం ఎత్తు తక్కువైతే ముళ్లు తగులుతాయి, కాబట్టి బిగించాక 12 గంటలూ తిప్పి చూసుకోండి.

10. బెల్టు

కొమ్ముల మధ్య కొలత సరిగ్గా తీసుకోండి. 17, 19 మి.మీ. లాంటి బేసి సైజులు ఈ వాచీల్లో మామూలే. 17కి 18 బెల్టును కుక్కితే తోలు ముడతపడి కొమ్ముల లోపలి గోడలు గీసుకుపోతాయి.

మందం 2, 2.5 మి.మీ. దాటవద్దు. ఉబ్బెత్తు బెల్టు సన్నటి కేసును మింగేస్తుంది. బెల్టు పుల్లకూ కేసుకూ మధ్య ఎడం తక్కువ ఉన్నప్పుడు కేసు అడుగును రాస్తూనే ఉంటుంది కూడా. కొన్ని పాత కేసుల్లో పుల్లలు కదలవు, కేసుకే అతికి ఉంటాయి. వాటికి చివర విప్పి చుట్టి అతికించే బెల్టు కావాలి. కోసి తీయమని చెప్పకండి.

11. మన ఎండ, చెమట, వాన

గుండ్రటి మూతను మర తిప్పి బిగించవచ్చు, రబ్బరు వలయం అన్ని వైపులా సమానంగా నొక్కుకుంటుంది. నాలుగు మూలల మూతను అలా తిప్పలేం. నిలువు పక్కల మధ్యలో ఒత్తిడి తగ్గి అక్కడే తేమ దూరుతుంది. కాబట్టి పాత వాచీ మీద ఏం రాసి ఉన్నా, నీళ్లు తగలవచ్చని అనుకోవద్దు.

- రోహిణి కార్తె ఎండల్లో బయట తిరిగే రోజు పెట్టుకోవద్దు. చెమట తోలును కుళ్లబెడుతుంది, పూత కింద ఇత్తడిని ఆకుపచ్చగా చేస్తుంది
- ఇంటికి రాగానే వెనక మూత, కొమ్ముల లోపలి వైపు పొడిగుడ్డతో తుడవండి
- కారు డ్యాష్‌బోర్డు మీద వదలవద్దు, వేడికి నూనె పలచబడి పాకిపోతుంది
- గుంటూరు మిర్చి యార్డు వైపు పనులుండే వాళ్లు బ్రష్‌తో అతుకులు దులపండి, ఆ సన్నపొడి చెమటతో కలిసి సందుల్లో గట్టిపడుతుంది
- బీరువాలో కలరా ఉండల పక్కన పెట్టవద్దు. మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో ఉంచండి
- రివర్సో లాంటి తిరగేసే కేసును తిప్పే ముందు గాలి ఊది పట్టాలు శుభ్రం చేయండి, ఒక్క ఇసుక రేణువు వెనక పళ్లెం మీద పొడుగాటి గీత పెడుతుంది

అద్దం లోపల ఆవిరి పట్టిందా? బియ్యంలో పెట్టవద్దు, హెయిర్ డ్రయర్ వద్దు, కీ ఇవ్వవద్దు. అదేరోజు మూత తీయించండి. ఆలస్యమైతే ఉక్కు ముక్కలకు తుప్పు పట్టడం మొదలవుతుంది.

12. లోపం, కారణం, మందు

ప్రతి గంటా ఒకే నిమిషం దగ్గర ఆగుతుంటే ముల్లు ఎక్కడో తగులుతోంది: అద్దానికో, రెండో ముల్లుకో, కేసుకో. ముళ్లను సరిచేస్తే చాలు, సర్వీసింగ్ అక్కర్లేదు.

ఎప్పుడుపడితే అప్పుడు ఆగితే లోపల మురికి లేదా అరుగుదల. విడదీసి శుభ్రం చేయాలి.

టిక్కుటిక్కుమంటోంది, ముల్లు మాత్రం వెనకబడుతోంది అంటే నిమిషాల ముల్లును పట్టుకునే గొట్టం వదులైంది. టైము మార్చేటప్పుడు కీ మరీ తేలిగ్గా తిరగడం దీని గుర్తు. దాన్ని బిగిస్తే సరిపోతుంది.

ఉన్నట్టుండి రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పోతుంటే అయస్కాంతం పట్టి ఉండవచ్చు. దిక్సూచి పక్కన పెడితే సూది ఊగుతుంది. ఫోను స్పీకరు, బ్యాగు అయస్కాంతపు బొత్తాం ఎక్కువగా కారణం. డీమాగ్నెటైజర్ మీద కొద్ది సెకన్ల పని.

కీ ఇస్తుంటే వేళ్లు జారితే కీ పళ్లు అరిగాయి. కొత్త కీ మర, పుల్ల మరతో కలవాలి, వ్యాసం పాతదాంతో సమానంగా ఉండాలి. పెద్ద కీ వేస్తే తిప్పడం సులువే కానీ చెయ్యి వంచినప్పుడల్లా గుచ్చుకుంటుంది, పుల్ల మీద భారం పడి విరుగుతుంది.

పూర్తి కీ ఇచ్చినా 20 గంటలకే ఆగితే స్ప్రింగు బలం పోయి ఉండవచ్చు. కొత్త స్ప్రింగు వేయించాక ముందు 24 గంటల పరీక్ష మళ్లీ చేసి, ఆ తర్వాతే రెగ్యులేటర్ (నడక వేగం సరిచేసే మీట) కదపమనండి. పాత స్ప్రింగు మీద సరిచేసిన నడక కొత్తదాని మీద తప్పుతుంది.